తీరానికి కాపలా ఎవరిది? హోం వ్యవహారాల స్థాయీ సంఘానికి, కోస్తా ఆంధ్ర ఎంపీలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పార్లమెంటరీ హోం వ్యవహారాల స్థాయీ సంఘం సభ్యులకు, శ్రీకాకుళం నుంచి తిరుపతి వరకు సముద్రతీర నియోజకవర్గాలకు ప్రాతినిధ్యం వహిస్తున్న లోక్‌సభ సభ్యులకు, ఆంధ్రప్రదేశ్ నుంచి ఎన్నికైన రాజ్యసభ సభ్యులకు నమస్కారాలు.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని పొట్టన పెట్టుకున్న తరువాత, దేశ అంతర్గత భద్రతను మరింత కట్టుదిట్టం చేయాలన్న డిమాండు చట్టసభల లోపలా వెలుపలా బలపడింది. మృతుల్లో విశాఖ వాసి ఒకరు, కావలికి చెందినవారు ఒకరు ఉన్నారు కాబట్టి ఆ దాడి మనకు దూరదేశపు వార్తగా తోచలేదు. మీలో ఎవరు భద్రతా చర్యలను పటిష్ఠం చేయాలని కోరినా ఆ కోరికను మనస్ఫూర్తిగా సమర్థించే పౌరుడిని నేను. అయితే మరింత కఠినమైన శిక్షలను, మరిన్ని దర్యాప్తు అధికారాలను, మరింత ఖరీదైన నిఘా పరికరాలను అడగడానికి ముందు, ముప్పయ్యేళ్లకు పైగా అసంపూర్తిగా మిగిలిపోయిన ఒక పనిని పూర్తి చేయించమని మిమ్మల్ని అర్థిస్తున్నాను. మన సముద్ర తీరానికి కాపలా ఎవరి బాధ్యతో, ఆ కాపలాకు మనుషులు, పడవలు, డబ్బు ఎక్కడి నుంచి రావాలో పార్లమెంటు చేసిన చట్టంలో స్పష్టంగా రాసి ఉండాలి. నేటికీ అలాంటి చట్టం లేదు.

ఈ లోపం ఎంత పాతదో గుర్తు చేయడం అవసరమనుకుంటున్నాను. 1993 మార్చి 12న బొంబాయిలో 257 మందిని బలిగొన్న వరుస పేలుళ్లకు వాడిన ఆర్‌డీఎక్స్ అనే పేలుడు పదార్థం పెద్ద ఓడరేవుల గుండా రాలేదు. రాయగఢ్ తీరంలోని దిఘీ, శేఖాడీ వంటి చిన్న రేవుల్లో రాత్రిపూట దిగింది. దాన్ని అడ్డుకోవలసిన కస్టమ్స్, పోలీసు ఉద్యోగుల్లో కొందరు డబ్బు తీసుకుని కళ్లు మూసుకున్నారని తరువాత కోర్టులో రుజువైంది. అదే ఏడాది నౌకాదళం, కోస్ట్‌గార్డ్, రాష్ట్ర పోలీసులు కలిసి మహారాష్ట్ర, గుజరాత్ తీరాల్లో ఆపరేషన్ స్వాన్ పేరిట గస్తీ మొదలుపెట్టారు. కార్గిల్ యుద్ధం తరువాత ఏర్పాటైన మంత్రుల బృందం తీరం పొడవునా ప్రత్యేక పోలీస్ స్టేషన్లు ఉండాలని 2001లో సిఫారసు చేసింది. ఆ సిఫారసు తీర భద్రతా పథకంగా రూపుదిద్దుకోవడానికి 2005 దాకా ఆగవలసి వచ్చింది. తొలిదశలో దేశమంతటికీ 73 స్టేషన్లు, 204 పడవలు మంజూరైతే, అందులో ఆంధ్రప్రదేశ్‌కు దక్కినవి 6 స్టేషన్లు. ఆ పడవలు ఇంకా పూర్తిగా చేతికి రాకముందే 2008 నవంబరులో పదిమంది సాయుధులు కరాచీ నుంచి బయలుదేరి, నడిసముద్రంలో కుబేర్ అనే గుజరాత్ చేపల బోటును చేజిక్కించుకుని, అందులోని మన మత్స్యకారులను చంపి, ముంబయి కఫ్ పరేడ్ దగ్గర మచ్ఛిమార్ నగర్ ఒడ్డున రబ్బరు పడవ దిగారు. 166 మంది ప్రాణాలు పోయాయి.

ఆ రాత్రి ఒడ్డున దిగిన కొత్త ముఖాలను మొదట గమనించినవారు, మీరెవరని ప్రశ్నించినవారు అక్కడి మత్స్యకారులే. గస్తీ దళాల కంట పడనిది వాళ్ల కంట పడింది. కాని తాము చూసినదాన్ని వెంటనే ఎవరికి చెప్పాలో, చెబితే ఎవరు కదులుతారో వాళ్లకు తెలియదు. తీర భద్రత గురించి ఎంత ఆలోచించినా నా మనసు ఈ ఒక్క విషయం దగ్గరికే తిరిగి వస్తుంది.

ముంబయి దాడి జరిగిన నెల తిరగకుండానే జాతీయ దర్యాప్తు సంస్థ చట్టాన్ని, చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టానికి సవరణలను పార్లమెంటు ఆమోదించింది. 2019లో ఆ రెండు చట్టాలకూ మళ్లీ పదును పెట్టారు. సంస్థలనే కాకుండా వ్యక్తులను కూడా ఉగ్రవాదులుగా ప్రకటించే అధికారం ప్రభుత్వానికి వచ్చింది. ఆ చట్టాల మంచిచెడులపై వాదోపవాదాలు ఉన్నాయి, వాటిలోకి నేనిక్కడ వెళ్లను. నేను గమనించమంటున్నది వేరు. నేరం జరిగిపోయాక దర్యాప్తు చేసే, శిక్షించే చట్టాలు రోజుల వ్యవధిలో వచ్చాయి. నేరం జరగకుండా ఒడ్డున కాపలా కాసే వ్యవస్థకు మాత్రం ఈనాటికీ చట్టపు ఆధారం లేదు. 2013 ప్రాంతంలో హోం శాఖ తీర భద్రత బిల్లును సిద్ధం చేసి, దాని కింద ఒక జాతీయ సాగర ప్రాధికార సంస్థను నెలకొల్పాలని తలపెట్టింది. ఆ బిల్లు ముసాయిదా దశ దాటలేదు. 2022లో జాతీయ సాగర భద్రతా సమన్వయకర్త పదవిని సృష్టించి, నౌకాదళం నుంచి రిటైరైన వైస్ అడ్మిరల్‌ను అందులో నియమించారు. ఇది మంచి అడుగు. కాని పార్లమెంటు చట్టం చేసి ఇచ్చిన అధికారం, అడిగి తెచ్చుకోగల నిధులు ఆ పదవికి లేవు. సముద్రపు దొంగలను శిక్షించడానికి 2022లో ప్రత్యేక చట్టం చేసుకున్న పార్లమెంటు, ఒడ్డును కాచేవారికి కూడా ఒక చట్టం చేయగలదని నేను నమ్ముతున్నాను.

చట్టం ఎందుకు, ఉత్తర్వులు చాలవా అని మీరు అడగవచ్చు. 2009 ఫిబ్రవరిలో కేంద్రం తీసుకున్న నిర్ణయం ప్రకారం మొత్తం సాగర భద్రతకు నౌకాదళం బాధ్యత వహిస్తుంది. ప్రాదేశిక జలాల్లో, అంటే 12 నాటికల్ మైళ్ల లోపు, తీర భద్రత బాధ్యత కోస్ట్‌గార్డ్‌ది. ఒడ్డుకు దగ్గరగా లోతు తక్కువ ఉన్న నీళ్లలో రాష్ట్రాల మెరైన్ పోలీసులు గస్తీ తిరగాలి. విశాఖతో సహా నాలుగు చోట్ల సంయుక్త కార్యకలాపాల కేంద్రాలు కూడా ఉన్నాయి. కాగితం మీద ఇది చక్కగానే కనిపిస్తుంది. కాని మన రాజ్యాంగం ప్రకారం పోలీసు వ్యవస్థ రాష్ట్రాల జాబితాలోది. ప్రాదేశిక జలాల అవతల చేపల వేట కేంద్రానిది, లోపల రాష్ట్రానిది. పడవల రిజిస్ట్రేషన్ మత్స్యశాఖ చేతిలో, సరుకుల తనిఖీ కస్టమ్స్ చేతిలో, పెద్ద రేవుల రక్షణ కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం చేతిలో, చిన్న రేవులు రాష్ట్ర మారిటైం బోర్డు చేతిలో ఉన్నాయి. ఒక అనుమానాస్పద బోటు ఇన్ని చేతుల మధ్యనుంచి జారిపోతే జవాబు చెప్పవలసిన అధికారి ఎవరో సామాన్యుడికి తెలియదు, పార్లమెంటుకూ తెలియదు. విన్యాసాలు జరిగినప్పుడు అందరూ ఒక గూటికి చేరతారు. 2019 నుంచి నౌకాదళం ఆధ్వర్యంలో జరుగుతున్న సీ విజిల్ విన్యాసం తీరమంతా ఒకేసారి జరుగుతుంది కాబట్టి నిజంగా ఉపయోగకరమైనదే. మిగిలిన రోజుల్లో ఎవరి పని వారిదే. ఉత్తర్వులు ఎవరికి ఏ పనో చెబుతాయి గాని, చేయకపోతే ఎవరు ఎవరికి సంజాయిషీ ఇవ్వాలో చెప్పవు. అది చెప్పగలిగినది చట్టం ఒక్కటే.

ఇక మన తీరం సంగతికి వస్తాను. కొత్త కొలతల ప్రకారం ఆంధ్రప్రదేశ్ తీరరేఖ 974 కిలోమీటర్ల నుంచి 1,053 కిలోమీటర్లకు పెరిగింది. ఈ ఒడ్డున తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉంది, విశాఖ చమురు శుద్ధి కర్మాగారం ఉంది, ఉక్కు కర్మాగారం ఉంది, కాకినాడకు ఎదురుగా కృష్ణా-గోదావరి బేసిన్ చమురు, గ్యాస్ బావులు ఉన్నాయి, దక్షిణపు కొసన శ్రీహరికోట ఉంది. పేలుడు పదార్థాల తయారీకి కూడా పనికివచ్చే అమ్మోనియం నైట్రేట్ దిగుమతుల్లో విశాఖ రేవుది ముఖ్యస్థానం. 2020 ఆగస్టులో బేరూత్ రేవు పేలిపోయినప్పుడు ఆ పదార్థం నిర్లక్ష్యంగా పడి ఉంటే ఏమవుతుందో ప్రపంచమంతా చూసింది. పెద్ద రేవులకూ, కర్మాగారాలకూ గోడలు, గేట్లు, సాయుధ కాపలా ఉన్నాయి. వాటి నడుమ మూడు వందలకు పైబడి ఉన్న చేపల రేవుల్లో ఎక్కువ చోట్ల గోడ సంగతి అటుంచి జెట్టీ కూడా లేదు. బోట్లు నేరుగా ఇసుకలోకి ఎక్కుతాయి. పేలుడు పదార్థాలు దిగడానికి 1993లో ఎంచుకున్నవి ఇలాంటి రేవులనే.

ఈ రేవులను కనిపెట్టుకుని ఉండవలసినవి మెరైన్ పోలీస్ స్టేషన్లు. తొలిదశలో వచ్చిన 6కు 2011లో మొదలైన రెండో దశ మరో 15 కలిపింది. వెయ్యి కిలోమీటర్ల తీరానికి 21 అంటే సగటున ప్రతి 50 కిలోమీటర్లకు ఒక స్టేషన్. సంఖ్య కన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వాటి స్థితి. తీర రాష్ట్రాల మెరైన్ పోలీసు వ్యవస్థలను ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ పరిశీలించినచోటల్లా దాదాపు అవే లోపాలు బయటపడ్డాయి. మంజూరైన పోస్టులు నిండలేదు. గస్తీ తిరగవలసినన్ని గంటలు తిరగలేదు. మరమ్మతులకు, డీజిల్‌కు డబ్బు లేక పడవలు ఒడ్డునే నిలిచిపోయాయి. తొలిదశ పడవల్లో పన్నెండు టన్నులవి, అయిదు టన్నులవి ఉన్నాయి. వాటిని గోవా షిప్‌యార్డ్, కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ సంస్థ తయారు చేశాయి. ఉప్పునీటిలో నానే పడవకు ఏటేటా మరమ్మతు చేయించకపోతే ఇంజన్ పనికిరాకుండా పోతుందని ఏ రేవులోనైనా బోటు మీద పనిచేసే కలాసీని అడిగినా చెబుతాడు. పైగా ఆ పడవలు మన ఫైబర్ బోట్లలాగా అలల మీదుగా ఇసుక ఎక్కేవి కావు. వాటికి జెట్టీ కావాలి. జెట్టీ లేని చోట స్టేషన్ ఒక దగ్గర, పడవ మరో దగ్గర ఉండక తప్పదు. రాత్రి రెండు గంటలకు ఒక జాలరి ఫోన్ చేసి అనుమానాస్పద బోటు కనిపించిందని చెబితే, పోలీసులు జీపులో పడవ ఉన్న రేవు దాకా వెళ్లేసరికి ఆ బోటు తన పని ముగించుకుని వెళ్లిపోయి ఉంటుంది.

సిబ్బంది మాట కూడా చెప్పాలి. సముద్రం మీద పనిచేసే పోలీసుకు ఈత, బోటు నడపడం, రాడార్ చదవడం, వాతావరణాన్ని అంచనా వేయడం తెలిసి ఉండాలి. సాధారణ పోలీస్ స్టేషన్ల నుంచి రెండు మూడేళ్లకు బదిలీ మీద వచ్చేవారికి ఆ నైపుణ్యాలు ఒంటబట్టేలోపే మళ్లీ బదిలీ అవుతుంది. ఇది ఆ ఉద్యోగుల తప్పు కాదు. తీర పోలీసు శిక్షణ కోసం గుజరాత్‌లోని ఓఖాలో జాతీయ అకాడమీ పెట్టడం హర్షణీయమే. అయితే శిక్షణ పొందినవారు తీరంలోనే ఉద్యోగ జీవితం గడిపేలా మెరైన్ పోలీసుకు ప్రత్యేక కేడర్ లేకపోతే ఆ ఖర్చంతా వృథా అవుతుంది. 2017లో ఓఖీ తుపాను తరువాత కేరళ ప్రభుత్వం మత్స్యకార కుటుంబాల యువతను కోస్టల్ వార్డెన్లుగా పోలీసు శాఖలోకి తీసుకుంది. పల్లె ఒడ్డున పుట్టి పెరిగిన పిల్లవాడికి ఈత నేర్పనక్కరలేదు, ఏ బోటు ఏ ఊరిదో చెప్పనక్కరలేదు. మన తీరంలోనూ ఆ పని జరగాలి. దానికి కేంద్రం నిధులివ్వాలి.

ఇక్కడ మీ ముందు ఉంచదలచిన మరో విషయం నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. భద్రతా చర్యలు కట్టుదిట్టమైన ప్రతిసారీ మొదటి భారం మత్స్యకారుల మీదే పడుతుంది. గుర్తింపు కార్డు ఉండాలి, బోటుకు రిజిస్ట్రేషన్ ఉండాలి, నిర్దేశించిన రంగు వేయాలి, తనిఖీకి ఆగాలి. ఇవన్నీ న్యాయమైనవే, వాటిని వ్యతిరేకించాలని నేను కోరడం లేదు. కాని వాళ్ల ప్రాణాలకు రాజ్యం ఇచ్చే పూచీ ఏమిటో కూడా చట్టంలో ఉండాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సరైన రేవులు లేక, గిట్టుబాటు లేక, వేలాదిమంది గుజరాత్‌లోని వేరావల్‌కు వలస వెళ్లి అక్కడి బోట్లలో కూలికి వేటాడుతున్నారు. 2018 చివరలో అలా వెళ్లినవారిని పాకిస్తాన్ సాగర భద్రతా సంస్థ పట్టుకుపోయింది. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు మీదుగా తిరిగి వచ్చేదాకా, ఏడాదికి పైగా, డి.మత్స్యలేశం వంటి ఊళ్లలో వాళ్ల ఆడవాళ్లు అధికారుల గుమ్మాల చుట్టూ తిరిగారు. సముద్రంలో గీత ఎక్కడుందో ఆ కూలీలకు కనిపించదు. వాళ్ల బోటును చెరపట్టగలిగిన సంస్థే మరో రోజు కుబేర్ లాంటి బోటుతో మన ఒడ్డుకు వచ్చేవారిని చూసీచూడనట్లు వదిలేయవచ్చు. మత్స్యకారుడి భద్రత, దేశ భద్రత వేరువేరు శాఖల విషయాలుగా ఉన్నంతకాలం రెండూ నెరవేరవు.

ఇరవై మీటర్ల కన్నా పొడవైన బోట్లకు తామెక్కడున్నదీ నిరంతరం తెలియజేసే పరికరం తప్పనిసరి. మన బోట్లలో అత్యధిక భాగం అంతకన్నా చిన్నవి. వాటి కోసం ఇస్రో రూపొందించిన ట్రాన్స్‌పాండర్లను ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద దేశవ్యాప్తంగా లక్ష బోట్లకు ఉచితంగా అమర్చే 364 కోట్ల రూపాయల కార్యక్రమం నడుస్తోంది. ఆపదలో ఉన్నామని ఒడ్డుకు కబురు పంపడానికి, సరిహద్దు దగ్గర పడుతోందన్న హెచ్చరిక అందుకోవడానికి ఉపగ్రహం ద్వారా ఇది వీలు కల్పిస్తుంది. ఇటీవలి కాలంలో తీరానికి జరిగిన మేళ్లలో దీన్ని నేను పెద్దదిగా లెక్కిస్తాను. అయితే పరికరం పాడైతే ఎవరు బాగుచేస్తారు, అవతలి నుంచి జవాబిచ్చే కేంద్రంలో తెలుగు తెలిసినవారు రాత్రింబవళ్లు ఉంటారా, ఆ సమాచారాన్ని మత్స్యకారుల మీద జరిమానాలకు వాడతారా లేక రక్షణకే పరిమితం చేస్తారా అన్న ప్రశ్నలకు స్పష్టమైన జవాబు కావాలి. తన మీదే కేసు పెట్టడానికి అది వాడతారని ఒక్కసారి అనుమానం కలిగితే బోటు నడిపే ఏ సరంగూ దాన్ని ఆన్ చేసి ఉంచడు.

భద్రతకు ముప్పు పడవల్లోనే వస్తుందని నేను అనడం లేదు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసు నిఘా విభాగం, కేంద్ర సంస్థలు, నౌకాదళ నిఘా విభాగం కలిసి ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్ పేరిట పాకిస్తాన్‌కు సమాచారం చేరవేస్తున్నారన్న ఆరోపణపై ఏడుగురు నౌకాదళ సిబ్బందిని అరెస్టు చేశాయి. సామాజిక మాధ్యమాల్లో స్త్రీల పేర్లతో వలవేసి వాళ్లను లొంగదీసుకున్నారని దర్యాప్తులో తేలింది. ఆ కేసులో రాష్ట్ర, కేంద్ర సంస్థలు సమాచారాన్ని దాచుకోకుండా పంచుకున్నాయి. తీరం విషయంలోనూ అలా పంచుకోవడం అధికారుల సౌమనస్యం మీద కాకుండా చట్టం మీద ఆధారపడాలని నా అభ్యర్థన.

అందుచేత, మీరు తీసుకురాబోయే ఏ భద్రతా బిల్లులోనైనా, లేదా దానికి తోడుగా వచ్చే తీర భద్రత చట్టంలో, ప్రాదేశిక జలాల్లో జరిగే వైఫల్యానికి పార్లమెంటుకు జవాబు చెప్పే ఒకే ఒక ప్రాధికార సంస్థ ఉండాలి. అది రాష్ట్రాల పోలీసు అధికారాన్ని లాగేసుకోకూడదు. రాష్ట్రాలతో ఒప్పందం మీద నడవాలి. పథకం దశ ముగియగానే నిధులు ఆగిపోయే పద్ధతి పోయి, పడవల నిర్వహణకు, ఇంధనానికి, సిబ్బందికి కేంద్రం వాటా ఏటా బడ్జెట్‌లో తప్పనిసరి పద్దుగా రావాలి. ప్రతి మెరైన్ స్టేషన్‌లో ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయో, ఎన్ని పడవలు పనిచేస్తున్నాయో ఏడాదికొకసారి పార్లమెంటు ముందు పెట్టాలి. రహస్యంగా ఉంచవలసినవి గస్తీ దారులూ వేళలూ. మరమ్మతుకు నోచుకోని పడవల లెక్కను దాచడం వల్ల శత్రువుకు తప్ప ఇంకెవరికీ మేలు లేదు. చూసినదాన్ని చెప్పిన మత్స్యకారుడికి గోప్యతను, ఆ సమాచారం ఇవ్వడానికి వేట మానుకున్న రోజుకు పరిహారాన్ని చట్టం హామీ ఇవ్వాలి. కోస్ట్‌గార్డ్‌కు 1554, మెరైన్ పోలీసుకు 1093 నంబర్లు ఉన్నాయి. వాటికి వచ్చిన ప్రతి కబురు మీద ఏం చర్య తీసుకున్నారో చెప్పినవారికి తిరిగి తెలియజేయాలన్న నియమం కూడా అందులో చేరాలి. కబురు చెప్పినా ఎవరూ పట్టించుకోలేదన్న భావన ఊళ్లో ఒక్కసారి పాతుకుంటే మరోసారి ఎవరూ ఫోన్ చేయరు.

అదనపు అధికారాల గురించి ఒక్క మాట. తీరంలో తనిఖీ చేసే, నిర్బంధించే అధికారాలను పెంచాలని ఎవరైనా ప్రతిపాదిస్తే, నిర్బంధించిన వ్యక్తిని ఏ మేజిస్ట్రేటు ముందు, ఎంత సమయంలో హాజరుపరచాలో, బోటును జప్తు చేస్తే ఎన్ని రోజుల్లో విడుదల చేయాలో అందులోనే రాయండి. రోజు కూలి మీద బతికే కలాసీకి పది రోజులు బోటు నిలిచిపోవడమే పెద్ద శిక్ష. అనుమానితుల్లా చూసిన మనుషుల నుంచి సమాచారం రాదు. అది రాకపోతే ఎంత పెద్ద రాడార్ ఉన్నా చిన్న తెప్పను గుర్తించడం కష్టం.

చివరగా, స్థాయీ సంఘానికి ఒక విన్నపం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలతో వేట నిషేధం. ఆ 61 రోజులూ బోట్లు ఒడ్డున ఉంటాయి, మనుషులు ఊళ్లలో ఉంటారు. రాబోయే నిషేధ కాలంలో సంఘం ఢిల్లీలో కూర్చుని అధికారుల నివేదికలు వినడంతో సరిపెట్టకుండా భావనపాడు, విశాఖ, ఉప్పాడ, గిలకలదిండి, నిజాంపట్నం, జువ్వలదిన్నె రేవులకు వచ్చి అక్కడే బహిరంగంగా వాంగ్మూలాలు తీసుకోవాలని కోరుతున్నాను. మెరైన్ స్టేషన్లలోని పడవల్ని మీ కళ్ల ముందు నీళ్లలోకి దింపించండి, ఇంజన్ వేయించండి. మత్స్యకార సంఘాల పెద్దలతోపాటు చేపలు అమ్మే ఆడవాళ్లను కూడా పిలవండి, ఎందుకంటే తెల్లవారుజామున రేవులో ఎవరు కొత్తగా తిరుగుతున్నారో అందరికన్నా ముందు తెలిసేది వాళ్లకే. కోస్తా ఎంపీలు ఈ పర్యటనకు తేదీలు ఖరారు చేయించి, ఏ రేవుకు ఏ రోజు వస్తున్నారో నెల ముందుగా ఊళ్లకు తెలియజేయాలని మనవి.

భవదీయుడు,
శ్రీకాకుళం తీరంలో పుట్టి విశాఖలో స్థిరపడిన ఒక పౌరుడు